చల్ల కదలకుండా

ఎడమ పక్కటెముకల మీద
గుర్రపు డెక్క అచ్చులా కమిలిన చర్మం.
"తప్పు మోసాది కాదు డాక్టర్,
చెప్పకుండా వెనకనుంచి వెళ్ళింది నేనే"
అంటాడు స్వావర్, నవ్వబోయి ఆగిపోయి.

సెప్టెంబరు. కొండల మీంచి గొర్రెలు దిగే వారం.
అకురేరి ఆసుపత్రికి ఈ రోజుల్లో
ఎవరో ఒకరు ఇలాగే వస్తారు,
ఒంటి నిండా ఉన్ని వాసన, బూట్ల నిండా బురద.

స్కానులో చూశాను.
పిడికెడంత ప్లీహం
ఉడుకుతూ కుట్టు విడిన నెత్తురు సాసేజిలా ఓ పక్క చిట్లి ఉంది.
చుట్టూ మడుగు, మరీ పెద్దది కాదు.
నాడి ఎనభై నాలుగు. రక్తపోటు నాకంటే మేలు.
నిలకడగా ఉన్నాడని రాశాను.
ఎంత జారుడు మాట అది,
ఫ్యోర్డు మీద పేరుకున్న తొలి మంచుపొర.

కోసి తీసెయ్యడం నాకు చేతనైన పని.
గంట చాలు, ఇక ఆ నెత్తురు భయం ఉండదు.
కేటిల్‌కి అలాగే తీశాను, పదకొండేళ్ళ కిందట,
ఇంతకంటే చిన్న చీలికకి.
అప్పట్లో నా చేతులకు తొందరెక్కువ.
ఇప్పటికీ పర్సులో ఎర్ర కార్డుతో తిరుగుతాడు,
టీకాల తేదీలు ఒప్పజెబుతాడు,
కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు
నడిసముద్రంలో పడవ మీంచి ఫోన్ చేస్తాడు.
ఆ గొంతు వినగానే నా ఎడమ డొక్కలో
పిడికెడంతది ఏదో కదులుతుంది.

రేక్యవిక్‌లో ఒకాయన ఉన్నాడు.
తొడ దగ్గర సూదిబెజ్జంలోంచి దూరి
కారే ధమనిలో వెంట్రుకంత తీగచుట్ట వదిలి
తూము మూసినట్టు మూసేస్తాడు.
కోత లేదు. ప్లీహం మిగులుతుంది, చాలావరకు.
కానీ మధ్యలో విమానం,
కింద మంచుకొండలు, పైన పొగమంచు,
గాల్లో చిట్లితే నేను పక్కన ఉండను.

"అయితే ఏమీ చెయ్యరా?" అంది హుల్డా.

ఏమీ చెయ్యకపోవడమంటే
ఆరుగంటలకోసారి నెత్తురు తియ్యడం,
గంటగంటకీ పొట్ట తడిమి చూడడం,
థియేటర్‌కి తాళం వెయ్యనివ్వకపోవడం,
నేను ఇంటికి పోకపోవడం,
కడుపులో చల్ల కదలకుండా
ఇంత మనిషి అలా పడుండడం.

నిదానమే ప్రధానం అన్న నోరే
ఆలస్యం అమృతం విషం అని కూడా అంది.
ఆ నోటికి ఎన్నడైనా రాత్రి డ్యూటీ పడిందా?

నూట ఇరవై నాలుగు.
నూట పద్దెనిమిది.
తెల్లారగట్ల నూట తొమ్మిది.
హుల్డా వేళ్ళు మడిచి లెక్కేసింది,
దొడ్డి గేటు దగ్గర అలవాటైన వేళ్ళు.
"తగ్గుతోంది కదా?"
తగ్గుతోంది. కొంత సెలైన్‌కి పలచబడి,
కొంత నాకు తెలీక.

రేక్యవిక్ ఆయన్ని నిద్ర లేపాను.
పైలట్‌ని పొగమంచు సంగతి అడిగాను.
కత్తుల ట్రే, సీలు తియ్యకుండానే, బల్ల మీద పెట్టించాను.
దారికొక కాలు.
నాకున్నవి రెండే.

స్వావర్ కళ్ళు తెరిచాడు.
"చెవి గుర్తులు సరిచూశారా?
మావి పక్కవాళ్ళ దొడ్లోకి పోలేదు కదా?"
నాడి ఎనభై ఆరు.

పదింటికి మళ్ళీ తియ్యాలి.
ఈలోగా లిఫ్టులో కిందికి పోతోంది
ఇంకా వెచ్చగానే ఉన్న చిన్న గొట్టం,
అతని పేరు కాస్త వంకరగా అంటించుకుని.