రెండుసార్లు తట్టు

కొట్టులో నా పని కాయ మాట వినడం.
వేలి కణుపుతో రెండుసార్లు తడతాను.
నీళ్ళున్నది బరువుగా ఊఁ అంటుంది,
కురిడీ అయింది, లోపల కొబ్బరి చిప్పని వదిలేసి,
లొడలొడమని ఒప్పేసుకుంటుంది,
కుళ్ళింది అసలేమీ అనదు.
ముప్పయ్యేళ్ళుగా అంబాజీపేటలో
ఈ మూడు రాశులూ నా చేతులు పోసినవే.

పాతది బొత్తాల ఫోను.
ఐదంకె మీద చిన్న బొడిపె ఉండేది,
చీకట్లో గడప తగిలినట్టు తగిలేది;
అక్కణ్ణుంచి పైకి రెండు, కిందికి ఎనిమిది.
మొన్న వేసవిలో కాలవ వంతెన మీద
జేబులోంచి జారి బుడుంగుమంది.
తర్వాత చేతికొచ్చింది గాజు.

గాజుకి గడప లేదు.
అంచునుంచి అంచుదాకా తడిమాను,
ఈనె లేని అరటాకు ఎక్కడన్నా ఉంటుందా?
వేలు పెట్టిన చోటల్లా ఓ ఆడగొంతు
వాతావరణం అంది, కెమెరా అంది.
కెమెరా అంట, నాకు!
మొదటి రాత్రి పన్నెండింటికి
షావుకారు గుబ్బల వారికి ఫోను వెళ్ళిపోయింది.
"ఏరా, కొట్టు గానీ అంటుకుందా?" అన్నాడాయన.
గాజుని దుప్పటి కింద కప్పేశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక
ముక్కామల నుంచి కృపామణి వచ్చేది.
ఇద్దరికీ కలిపి ఒక్క కన్నూ లేదు.
నా చూపుడువేలు పట్టుకుని
"కాయని కొట్టినట్టు కొట్టకండి బాబాయ్,
నిద్దరోతున్న పిల్ల చెంప మీద దోమని తోలండి" అంది.
కుడికి తోస్తే తర్వాతిది, ఎడమకి తోస్తే వెనకటిది.
ఎక్కడున్నారో వినేదాకా తట్టకండి.
విన్నాక, ఎక్కడన్నా సరే, రెండుసార్లు.

ఎక్కడన్నా సరే! అదే నాకు ఎక్కలేదు.
కాయ పలకాలంటే కాయ మీదే తట్టాలి కదా.
ఇక్కడ ఒక మాట వినబడ్డాక
గాజు మొత్తం ఆ ఒక్క మాటే అయిపోతుందట.

కిందికి దింపి ఎడమకి విరిచేది,
రెండు వేళ్ళు జంటగా పైకి ఈడ్చేది,
ఇవి పట్టుబడేసరికి తొలకరి దాటింది.
నిద్దట్లో నా వేళ్ళు పక్క మీద గీతలు గీస్తున్నాయని
మా సత్యవేణి ఒకటే నవ్వు.

మాట వేగం పెంచుకుంటూ పోయాను.
ఇప్పుడా గొంతు మూకుట్లో ఆవాల్లా చిటపటలాడుతుంది,
నాకు తప్ప ఇంకొకరికి అందదు.
తెర వెలుగు కూడా ఆర్పేశాను.
"నీ ఫోను చచ్చిపోయింది బాబాయ్" అన్నారు కుర్రాళ్ళు.
చచ్చిపోయిన ఫోనులో
నా కూలి లెక్క నేనే చూసుకుంటున్నాను.

అబ్బులు నాకు తొమ్మిదేళ్ళు డబ్బు తీసిపెట్టాడు.
నా నాలుగంకెలు వాడికి తెలుసు, వాడి తమ్ముడికి తెలుసు,
మిషను ముందు వరసలో నిలబడ్డ ఊరందరికీ తెలుసు;
గట్టిగా చెప్పేవాణ్ణి, మరి చెవుడు వాడికి.
ఒక్క రూపాయి ఎన్నడూ తగ్గలేదు. అది చెప్పాలి.
అయినా శుక్రవారం, ఒక చెవిలో తీగ పెట్టుకుని
నాలుగంకెలూ మార్చాను.
సోమవారం అడిగాడు, "మార్చావా?"
"మార్చాను."
కాసేపు ఇద్దరం కాయలు ఏరాం.
వాడి రాశిలో కాయ పడే చప్పుడు
ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది.

నిన్న సాయంత్రం సెంటర్లో ఆటో కోసం నిలబడితే
చినుకు మొదలైంది. గాజు అరచేతిలో ఉంది.
నేను తాకలేదు. అదే పలికింది:
గడియారం. సందేశాలు. అబ్బులు.
చినుకు చినుక్కీ ఒక పేరు.
సముద్రం మీంచి ఇంత దూరం వచ్చి
వాన కూడా తడుముకుంటోంది.
చొక్కా కింద దాచేద్దామనుకుంటూనే
ఇంకాసేపు విన్నాను.
గడియారం. అబ్బులు. అబ్బులు.

రెండుసార్లు తట్టడం వానకింకా రాలేదు.
నాకొచ్చు.