తరుగు

ధర్మాబాద్ మిర్చి యార్డులో మళ్లీ తుమ్మాను.
ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు, ముంబైలో పద్నాలుగో అంతస్తు;
ముక్కు మాత్రం ఇక్కడిదే.

కారం కంపెనీ జనానికి వాటాలు అమ్ముతోంది.
ఆఫర్ పత్రంలో నష్టభయాలు నలభై ఒకటి రాశాను:
వాన, తెగులు, డాలరు ధర,
ప్రమోటరు బావమరిది మీద నాందేడ్‌లో కేసు.

"బస్తాకు రెండు కిలోల తరుగు. ఎప్పటిసంది ఉన్నదే"
అన్నాడు హమాలీ పోశెట్టి బోయిన్‌వాడ్,
తెలుగులో లెక్కపెట్టి మరాఠీలో చీటీ రాయిస్తూ.
ఏ పద్దులో రాస్తారని అడిగాను.
"రాస్తే తరుగెట్లయితది, తాయీ?"

రాత్రి లాడ్జిలో నలభై రెండో పేరా మొదలుపెట్టాను.
క్లయింటు ఫోను:
"ఇదంత మెటీరియల్ కాదు కదా మేడం?"

ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో
చెప్పడమే నా బతుకుతెరువు.

బాపు ఈ యార్డులోనే గుమాస్తా.
నా లా కాలేజీ ఫీజు
ఏ బస్తాల్లోంచి రాలిందో ఆయన చెప్పలేదు.
నేనూ అడగలేదు.
అప్పటికే సగం లాయర్ని.

ఐదున్నరకు పంపాను, నలభై రెండుతోనే.
ఫోను మోగుతోంది.
ల్యాప్‌టాప్ సంచి మీద ఎర్రటి పొడి.
దులిపితే మళ్లీ తుమ్ము.