నాలుగు వందల శాతం

గుణుపూరు కోర్టు వీధిలో
నాకున్నది ఒక జిరాక్సు మిషను, ఒక స్టూలు,
మధ్యాన్నం కాగానే పోయే కరెంటు.
పట్టాలు, కుల ధ్రువపత్రాలు, పరీక్ష ముందురోజు పిల్లల చీటీలు.
ఒడియాలో వచ్చింది ఒడియాలోనే బయటికొస్తుంది,
తెలుగులో వచ్చింది తెలుగులో.

వనజాక్షి పాత్రో గారి కాగితాలు మాత్రం
నాకొచ్చిన రెండు భాషల్లోనూ ఇమడవు.
కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది.
గొడుగు గుమ్మానికి ఆనించి
"పద్దెనిమిది పేజీలు. మార్జిను తెగకుండా, బాబూ."
అన్నీ చేత్తో రాసినవే. వంకీలు, తలకిందులైన త్రిభుజాలు.
సవరల గోడబొమ్మల్లో త్రిభుజాలు మనుషులవుతాయి.
ఇక్కడ ఏమవుతాయో.

"ఏటి రాస్తన్నారమ్మా?"
"అన్నిటికన్నా ముందు ఏం జరిగిందో."
"తెలిసిందా?"
"పెద్దవాటికో లెక్క, చిన్నవాటికో లెక్క.
మొదట్లో అంతా చిన్నదే, అంతా బరువే.
ఒకదాని బండి రెండోదాని పట్టాల మీద ఎక్కదు."

అది నాకు తెలుసు.
చిన్నబండి ఉన్న రోజుల్లో నౌపడాలో దిగి
చింతపండు గంప నెత్తిన పెట్టుకుని
మా అమ్మ పెద్దబండి దాకా పరిగెత్తేది.
ఆ రెండు లైన్లనీ కలిపింది
ఆవిడ మెడ ఒక్కటే.

ఓ వానరోజు కరెంటు వచ్చాక
ఎవరిదో పాత దస్తావేజులోంచి ఒక 'అ' చూపించి
"దీన్ని పెంచు" అంది.
నాలుగు వందల శాతం.
వచ్చినదాన్ని మళ్ళీ. మళ్ళీ.
ఒంపు అంచు చెదిరింది, నలుపు నూకలయింది,
నూకకీ నూకకీ మధ్య ఉత్త కాగితం.
"ఇంక అక్షరం లేదమ్మా."
చాలాసేపు చూసింది.
"చోటు కూడా ఇంతేనేమో. నునుపు కాదు, గింజలు.
కాకపోతే అక్కడ
కింద కాగితం ఉండదు."

పూజా సెలవుల తర్వాత వచ్చినప్పుడు
కళ్ళకింద నీలం.
అసలు ప్రతి భువనేశ్వర్‌కి పంపేసి
నా కాపీ మీద లెక్క సరిచూసుకుందట.
తొమ్మిదో పేజీలో ఒక మైనస్.
తోసేది లాగేదయింది.
ముడుచుకుని, తిరిగి విచ్చుకోవాల్సిన విశ్వం
సున్నాలోకి పోయి మరి రాలేదు.
మూడు వారాలు నిద్రపోలేదు.

మిషను మూత ఎత్తాను.
అద్దం మీద గీత, బియ్యపు గింజలో సగం.
ప్రతి పేజీలో అదే చోట పడుతోంది,
అన్నిట్లో ఖాళీ మీద,
ఆ ఒక్కదాంట్లో రెండు గుర్తుల మధ్య.

తిడుతుందనుకున్నాను.
స్టూలు మీద కూలబడి
కళ్ళద్దాలు తీసి నవ్వింది, నీళ్ళొచ్చేదాకా.
డబ్బులు నేను తీసుకోలేదు, ఆవిడ వదల్లేదు.
ముప్పై ఆరు రూపాయలు రెండ్రోజులు
స్టేప్లరు కిందే ఉన్నాయి.

ఆ తొమ్మిదో పేజీ నా సొరుగులో ఉంది.
స్పిరిట్‌తో ఎంత తుడిచినా గీత పోలేదు.

ఆ 'అ' మాత్రం గోడకి అంటించాను.
నిన్న రేషను కార్డు కాపీకి వచ్చిన గుంటడు
మెడ వాల్చి చూసి
"ఇదేటి, చీమలా?" అన్నాడు.
'అ' రా, అన్నాను.
మరీ దగ్గర్నుంచి.