నూరితే గానీ

అగ్గిపెట్టెలో దూది పరిచి తెచ్చాడు యిర్మియా మేస్త్రి.
వినుకొండ నుంచి రాత్రి బండి,
సెంట్రల్ నుంచి గిండీ దాకా రెండు బస్సులు,
జేబు మీది చెయ్యి తియ్యకుండా.

లెన్స్ కింద పెట్టాను.
తుప్పు రంగు రాయి. దాని పగుల్లో
పిల్లి మీసం కన్నా సన్నటి నీలం సూదులు,
అన్నీ కలిపితే ఆవగింజంత కుచ్చు.

"మైలుతుత్తం అన్నాడమ్మా ఎరువుల కొట్టాయన.
నాలిక్కి ఆనించి చూశా. కాదు.
ఇరవై రెండేళ్ళు అగ్నిగుండాల గనిలో డ్రిల్లు పట్టినోణ్ణి,
తుత్తం రుచి నాకు తెలవదా?"

రాగి, గంధకం, ఉప్పు, నీళ్ళు,
కొండ లోపలికి దారి తెలిసిన కాస్త గాలి.
సరుకులు అంతే.
రాయపురంలో మా రాగి బిందెకీ దాదాపు అవే,
సముద్రం తెచ్చి రాత్రిళ్ళు పూసిపోతుంది.
ప్రతి ఆదివారం చింతపండుతో తోమి
తూములోకి పంపేస్తాను, చిలుమని.
దానికి ఒక్క వారం కన్నా ఎక్కువ
నేనెప్పుడూ ఇవ్వలేదు.

"పేరు చెప్పాలంటే నూరాలి తాతా.
నూరితే ఈ కుచ్చు ఉండదు."

ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్నాయి.
ఆ చుక్కలు లెక్కపెడుతున్నాడేమో,
చాలాసేపు మాట్లాడలేదు.
"సగం నూరు," అన్నాడు.
మళ్ళీ తనే,
"వద్దులే. సగం పేరుతో ఏం జేసుకుంటా. నూరెయ్."

అగేటు రోట్లో చప్పుడైనా రాలేదు.
అంత నీలమూ
ఉతికి ఉతికి వెలిసిన బడి చొక్కా రంగైంది.

నలభై నిమిషాలు.
ఆయన బయట మెట్ల మీద పులిహోర పొట్లం విప్పుకున్నాడు.
లోపల తెర మీద గీత
ఒక్కో కోణం దగ్గర ఉలిక్కిపడి లేచి, పడుకుని,
మళ్ళీ లేచింది.

"కొనెలైటు," అన్నాను. "చాలా అరుదు తాతా."
నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాడు,
రాయిని ఆనించి చూసినట్టే.
"ఎవరి పేరది?"
"ఎవరో దొరది. రసాయనాలు చదివినాయన."
"మా కొండకొచ్చాడా?"
"లేదు."
"మరి..." అని ఊరుకున్నాడు.

తెలుగులో రాసిచ్చాను, పెద్ద అక్షరాలతో.
కింద దొరికినచోటు, దొరికినవారు.
మా రిపోర్టులో ఆ రెండో గడి ఉండదు,
స్కేలు పెట్టి నేనే గీశాను.

మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.
గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుని,
విడిచి, వెనక్కొచ్చాడు.

"ఆ పొడి కూడా కట్టియ్యమ్మా.
పేరు చెప్పింది అదే గదా."