అంచు

బెల్టు మార్చి మూడువేల కిలోమీటర్లు.
బాగానే తిరుగుతోంది కదా, ఇంక విప్పడం దేనికంటాడు తవిటయ్య.
విప్పుతాను.
పై మూతకి బోల్టులు నాలుగే,
పదో నంబరు పానాకి ఆమాత్రం పని ఉండాలి
పొందూరు స్టేషన్ రోడ్డులో పొద్దున్నే.

ఇంజను చల్లగా ఉండగానే చూడాలి.
రాత్రంతా మంచులో తడిసిన ఇండికా,
ముట్టుకుంటే మేక మూతిలా ఉంది.

టార్చి పళ్ళ మధ్య కరుచుకుని
పెద్ద పానాతో క్రాంకు తిప్పుతాను,
అది తిరిగే వైపే, ఎప్పుడూ వెనక్కి కాదు.
పన్ను తర్వాత పన్ను వెలుతుర్లోకొస్తుంది.
అప్పుడు నేను పెట్టిన తెల్లరంగు చుక్క
ఉండాల్సిన చోటికే వచ్చి ఆగింది.
ఇక్కడిదాకా మంచిదే.

మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది.
కొత్త దవడ తెస్తే
దాని పళ్ళ మీద వేలు పోనిచ్చి కళ్ళు మూసుకునేది.
"కళ్ళు అబద్దమాడతాయి గుంటడా, ఏలు ఆడదు."
ఆవిడ రాట్నానికీ తాడొకటుండేది,
పెద్ద చక్రం నుంచి కదురుకి.
అది వదులైతే చక్రం తిరుగుతూనే ఉంటుంది, నూలు రాదు.
ఇక్కడ వదులైతే
వాల్వులెళ్ళి పిస్టన్ నెత్తిన పడతాయి.
అక్కడ పోయేది పోగు, ఇక్కడ నలభై వేలు.

పొడుగు పక్క బెల్టుని రెండు వేళ్ళతో మెలిపెట్టాను.
పావు చుట్టు తిరిగి, ఇంక రానంది.
బిగువు సరిపోయింది.
వీపు మీద పగుళ్ళు లేవు,
అరిగిన చెప్పులా మెరవడమూ లేదు.
నూనె వాసన లేదు.

తవిటయ్య టీ తెచ్చాడు.
నా మొహం చూసి "సెప్పినాను కదేటి" అన్నాడు.

అప్పుడు తగిలింది వేలికి.
అంచున.
ఒక్క పక్కే, ఇంజను వైపు,
పిల్లి మీసమంత దారం లేచి ఉంది.
మూత లోపల చిటికెడు నల్లపొడి, కాటుకలా.

మా వీధి నేతగాళ్ళు పంచె మడత విప్పితే
ముందు అంచు చూస్తారు.
అది వంకరపోతే పోగుని తిట్టరు,
లేచి వెళ్ళి మగ్గం గుంజ కదిపి చూస్తారు.

నేనూ బెల్టుని తిట్టలేదు.
పక్కనున్న టెన్షనర్ కప్పీ పట్టుకుని ఊపాను.
ఊగింది.
వెంట్రుకవాసి. ఊడబోయే పాలపన్నులా.

ఆ కప్పీ నేను మార్చలేదు.
ఆ రోజు తవిటయ్య నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు,
పదకొండొందలు తక్కువ.
పాతది బాగానే ఉంది, సరిపోద్దిలే అన్నాను.
జాలిపడి అన్నాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
శ్రీకాకుళం వెళ్ళి తేవాలి, ఆదివారం, ఎండ.
అదీ ఉంది ఆ మాటలో.

వాడు టీ ఊదుకుంటూ చెబుతున్నాడు,
మొన్న అర్ధరాత్రి లోలుగు నుంచి
పురిటినొప్పుల పిల్లని రిమ్స్‌కి తీసుకెళ్ళాడట,
ఎక్కడా ఆపకుండా, నలభై నిమిషాల్లో.
"గట్టి బండిరా ఇది" అంటున్నాడు.
నేను ఆ నల్లపొడి వేళ్ళ మధ్య నలుపుతున్నాను.

"ఏటైనాది?"
వేలు ఇలా తెమ్మన్నాను.
పట్టుకుని అంచు మీద పెట్టాను.
"బెల్టు తప్పు కాదిది."
గ్లాసు కింద పెట్టి, నోరు తుడుచుకుని,
మిగతాది కూడా చెప్పాను.
వాడు వేలు తియ్యలేదు చాలాసేపు.
"మరి డబ్బులు..." అన్నాడు.
"నిన్నడగలేదు."

పదిన్నర ప్యాసింజరు.
దూసి దాటాక నాగావళి మీద
కిటికీల్లోంచి జనం రూపాయి బిళ్ళలు వేస్తున్నారు.
నా చొక్కా జేబులో పాత కప్పీ,
తీసి వేలితో తిప్పితే గరగరమంటోంది.
ఏట్లో పారేస్తే బాగుణ్ణనిపించింది.
పారెయ్యలేదు.
షాపువాడికి కొలత చూపించాలి.