ఉప్పు పొట్లం

దీపావళి పదిరోజులుందనగానే
పర్లాకిమిడిలో మా సందు నల్లబడటం మొదలెడుతుంది.
ముందు దాలమ్మ పిన్ని గోళ్ళు,
తర్వాత ఆవిడ ముక్కు కొన,
ఆపైన నీళ్ళకుండ మూత, పిల్లి వీపు,
చివరికి నేను దిద్దాల్సిన ఆరో తరగతి లెక్కల పేపర్లు.

మహేంద్రతనయ గట్టున రాలిన పోతుతాడి గెలలు ఏరుకొచ్చి
గోతిలో పేర్చి, అంటించి,
మంట ఇంకా మాట్లాడుతుండగానే
తడిమట్టి కప్పేస్తుంది పిన్ని.
"పూర్తిగా కాల్తే బూడిద. కాలకపోతే పుల్ల.
మజ్జిలో ఆపాల. అదే పనితనం" అంటుంది,
కాపురం మధ్యలో ఆపేసి వచ్చిన మనిషి.

ఆ బొగ్గుకి రోట్లో పడ్డాక
రెండు దార్లు.
గుడ్డలోంచి జారిన మెత్తనిది
లవంగాలతో, వేయించిన ఉప్పుతో కలిసి
హార్లిక్స్ సీసాలో పళ్ళపొడి అవుతుంది.
మిగిలిన బరకది
కల్లుప్పు కలుపుకుని, పాత లంగా పీలికలు చుట్టుకుని,
మూడు తాటిమట్ట చీలికల మధ్య నడుం బిగించుకుని
నిప్పు కోసం కూర్చుంటుంది.
ఒకటి నోట్లోకి, ఒకటి ఆకాశంలోకి.

ఎంత ఉప్పు అని అడిగాను, నోటుబుక్కు పట్టుకుని.
"పొట్లానికి పిడికెడు. పళ్ళకి సిటికెడు."
ఎవరి పిడికిలి?
"నాదే. నీది సన్నం, రెండెయ్యి."
రాసుకున్నాను: పిన్నిది ఒకటి, నావి రెండు.

పక్కవాటాలో ఝునూ మావుసి
పెద్దలకి దారి చూపే కౌరియా కాడలు కట్టలు కడుతోంది.
మేం గోగుకాడలకి నూనెగుడ్డలు చుడుతున్నాం.
"మీవి లావు" అంటుంది ఆవిడ, ఒడియాలో.
"మీవి పొడుగు" అంటుంది పిన్ని, తెలుగులో.
ముప్పయ్యేళ్ళుగా ఇదే మాట.
ఇద్దరికీ అవతలి భాష వచ్చు.
ఎవరూ ముందుగా మాట్లాడరు.

ఈసారి అమావాస్యకి ముసురు పట్టింది.
మావుసి మనవడు టుకునా ఎనిమిదిసార్లు తిప్పినా
పొట్లం కళ్ళు తెరవలేదు.
పొగ. దగ్గు. మళ్ళీ పొగ.
పిన్ని మెట్టు మీద కూలబడింది.
"ఉప్పు నీరుకారిపోనాది" అంది,
ఎవరో పోయినట్టు.

మావుసి ఏమీ అనలేదు.
లోపలికెళ్ళి పెనం పొయ్యి మీద పెట్టి
తన వంటింటి ఉప్పు దోసిలితో పోసింది.
చిట్.
చిటచిట.
చిటచిటచిట.
పిన్ని తలెత్తి విని
"చాలు, దించు" అంది.
ఒడియాలో.

ఉప్పు ఆరింది, మరి బొగ్గు?
పిన్ని హార్లిక్స్ సీసా మూత తీసి
ఏడాది పళ్ళపొడి పళ్ళెంలో కుమ్మరించింది.
నా నేతచీర కొంగు చింపి చుట్టాం.

టుకునా తిప్పాడు.
ఒక రవ్వ.
నాలుగు.
ఆపైన లెక్కపెట్టడం లెక్కల టీచర్ని, నా వల్లే కాలేదు.
వాడి నెత్తిన నిప్పు గొడుగు విప్పుకుంది,
తడిగోడలు మెరిశాయి,
సందంతా లవంగాల వాసన.
మిగిలిన చీరకి మూడు చిల్లులు పడ్డాయి.
రఫ్ఫు చేయించలేదు.

తెల్లారి నూతి దగ్గర
పళ్ళు తోముకోడానికి పళ్ళెం అడుగున అంటుకున్నదే గతి.
తలా ఒక వేలికి.
నిన్నటి నిప్పు నోట్లో ఉప్పగా.
నల్లపళ్ళతో టుకునా నవ్వాడు, మావుసి నవ్వింది.
పిన్ని పుక్కిలించి ఊసి
"ఉప్పెక్కువైనాది" అంది.

మావుసి దోసిలి ఎంతో
నేను రాసుకోలేదు.