లాట్ నంబర్ ఒకటి

ఇరవై మూడేళ్ళు మిర్చి యార్డులో గుమాస్తాగిరీ.
టిక్కీలో చెయ్యి దూర్చి గుప్పెడు తీస్తే చాలు,
తేమెంతో, తాలెంతో చెప్పేస్తాను.
ముక్కు మాత్రం ఏనాడో పోయింది.
మొదట సాంబ్రాణి, తర్వాత కిరసనాయిలు,
ఆఖరికి మాడిన పోపు కూడా,
రాకపోకలు మానుకున్న చుట్టాల్లా
ఒక్కొక్కటీ చెప్పకుండా పోయాయి.

షుగరు మూడొందలు దాటాక
బ్రాడీపేట డాక్టరమ్మ చీటీ మీద రాసింది: చియా.
పట్నంబజార్లో ముందు సబ్జా పోయబోయాడు,
"రెండూ ఒకటే బాబాయ్" అంటూ.
కాదు. సబ్జా అంతా ఒకటే నలుపు.
ఇది బూడిదా నలుపూ తెలుపూ కలిసి
కౌజు గుడ్డు మీద మచ్చల్లా ఉంటుంది.
సరుకు కనిపెట్టానన్న గర్వంలో
రెండు కిలోలు కట్టించుకున్నాను.
అక్కడ మొదలు తప్పు.

మూత వదులైన పాత ప్లాస్టిక్ డబ్బా.
పొయ్యి పైన అర. పసుపు పక్కన.
మధ్యాహ్నం కిటికీ ఎండ సరిగ్గా అక్కడికే వస్తుంది,
అదీ గుంటూరు ఎండ, అదీ మే నెల.
ఏ రోడ్డెక్కినా కోల్డ్ స్టోరేజీ కనిపించే ఊరు మాది.
కాయ రంగు దిగకూడదని
రైతుల సరుకుని చల్లటి చీకట్లోకి
రసీదు రాసి పంపేది నేనే.
నా ఇంటి గింజకి మాత్రం
ఆ బుద్ధి పుట్టలేదు.

ఆగస్టు దాకా రోజూ మజ్జిగలో తిన్నాను.
ఓ సాయంత్రం మేడ మీద వాటా వాళ్ళ అఫ్రీన్
పంచదార అప్పుకొచ్చి, తెరిచున్న డబ్బా మీదకి వంగి
"తాతా, ఇందులో మా అన్న బ్యాటుంది!" అంది.
బ్యాటేంటే?
"బ్యాటుకి రాసే నూనె. ఆ కంపు."

సామ్రాజ్యం వంక చూశాను.
"నాకు ఎప్పుడో తెలుసు," అంది చేట దించకుండా,
"మందు కదా, అలాగే ఉంటుందనుకున్నా."

ఇక యార్డు బుద్ధి లేచింది.
డబ్బా చెవి దగ్గర ఊపాను.
ఇసకలా జారాల్సింది
గడ్డగా ఓ పక్కకి దొర్లింది.
వేడి గిన్నె లోంచి తీసిన తడి చెంచా
ఎన్నిసార్లు ముంచానో లెక్కలేదు.
పళ్ళెంలో పోసి పరిచాను.
అడుగున సాలెగూడులాంటి సన్నటి అల్లిక,
దానికి వేలాడుతూ పదీ పన్నెండు గింజలు,
లోపల తెల్లటి పురుగు, బియ్యప్పిండి రంగు.
నాలిక మీద నాలుగు గింజలు నమిలాను.
చేదు.
ఆ చేదునే ఇన్నాళ్ళూ
గుణం అనుకున్నాను.

మొత్తం కరివేపాకు కుండీలో కుమ్మరించాను.
రాత్రి వానకి ఉబ్బి, జిగురు కట్టి
పొద్దున్నకి కప్పగుడ్లలా మెరిశాయి.
వారం చూశాను. ఒక్కటీ మొలవలేదు.

ఈసారి పావు కిలో.
ఎండలో ఆరబెట్టి, నీడలో చల్లార్చిన గాజు సీసా,
రబ్బరు బిగింపు మూత.
ఫ్రిజ్‌లో, గోంగూర పచ్చడికి ఎడంగా, వెనక వైపు.
లోపలికి పొడి చెంచాయే వెళ్ళాలి.
నానబెట్టింది నాలుగో రోజుకి మిగిలితే
మొహమాటం లేకుండా కుండీకే.
సీసా మీద కాగితం అంటించి
చేతి అలవాటు కొద్దీ రాశాను:
లాట్ నంబర్ ఒకటి, తేదీ, తూకం.
సామ్రాజ్యం నవ్వింది,
కమీషనెంత అని.

నెలకోసారి అఫ్రీన్ వస్తుంది తనిఖీకి.
కూలి ఒక క్రీము బిస్కెట్టు, బేరం లేదు.
మూత తీసి, కళ్ళు మూసుకుని,
ఊపిరి లోపలికి లాగుతుంది చాలాసేపు.
నేను వేలంలో రైతులా
ఆ మొహం వంకే చూస్తూ నిలబడతాను.
"ఏం వాసనా లేదు తాతా."
నాకూ అంతే.
తను సుద్దముక్కతో ఫ్రిజ్ తలుపు మీద
ఒక టిక్కు పెట్టి
బిస్కెట్టు కోసం చెయ్యి చాపుతుంది.